తాళ్ళెక్కిన మామ గడప దగ్గర పడ్డారు

ప్రశ్న: నమస్తే అక్కా. మాది హనుమకొండ. ఇంట్లో మా మామ (74), అత్తమ్మ (68), నేను, మూడేండ్ల బాబు ఉంటాం. మా ఆయన హైదరాబాద్‌లో పని చేస్తారు, శనివారం రాత్రి వచ్చి సోమవారం పొద్దున వెళ్తారు. మామది పరకాల దగ్గర ఊరు. నలభై ఏండ్లు తాళ్ళెక్కి కల్లు గీశారు. చెట్టు మీది నుంచి ఒక్కసారి కూడా పడని మనిషి, ఈ ఎండాకాలం బాత్రూంలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. పోయిన నెల బాబు మెట్ల వైపు ఉరికితే పట్టుకుందామని వెనకాల ఉరికి, గడప తట్టుకుని బోర్లా పడ్డారు. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. బాబు రెండు మెట్లు దొర్లి ఆగాడు, దేవుడి దయవల్ల ఏం కాలేదు. మా మెట్లకు రెయిలింగ్ ఇంకా పెట్టించలేదు. అప్పటి నుంచి మామను మంచం దిగనీయడం లేదు. బాత్రూంలో పట్టుకునే కడ్డీ పెట్టిద్దామంటే "తాడెక్కినోన్ని, నన్ను కడ్డీ పట్టుకోమంటవా" అని కోపం చేస్తున్నారు. మా వదిన ఫోన్ చేసి "ఇంట్ల ఉండి ఏం చూస్తున్నవ్" అంటోంది. బీపీ, షుగర్, మూత్రం మాత్రలు వాడుతున్నారు. చెయ్యి విరిగినప్పటి నుంచి నిద్రమాత్ర కూడా వేస్తున్నాం. అత్తమ్మకేమో భయం పట్టుకుంది, ఈసారి బతుకమ్మకు పోనంటోంది. నాకు రాత్రి చిన్న చప్పుడైనా టెన్షన్. ఏం చేయమంటారు?

సమాధానం:

చెల్లీ, ముందు మీ వదిన మాట సంగతి చెప్తాను, ఎందుకంటే ఉత్తరంలో అన్నిటికంటే మిమ్మల్ని గుచ్చింది అదేననిపించింది. మీరు చూడకపోవడం వల్ల మామ పడలేదు. పక్కనే నిలబడ్డ మనిషి చెయ్యి చాచేలోపు అంతా అయిపోతుంది. ఫిజియోథెరపిస్టుగా నేను పడిన వాళ్ళను రోజూ చూస్తుంటాను. వాళ్ళలో చాలామంది ఇంట్లో మనుషులు ఉండగా పడ్డవాళ్ళే. మా అమ్మ పడ్డ రాత్రి నేను పక్క గదిలోనే ఉన్నాను. అంతకు పది రోజుల ముందే ఆమెకు నిద్రమాత్ర మొదలుపెట్టారు. ఊళ్ళో అందరినీ "ఏం మందులు వేసుకుంటున్నారు" అని అడిగే నేను మా అమ్మను అడగలేదు. రాత్రి రెండింటికి కరెంటు లేని వేళ గోడ తడుముకుంటూ లేచింది. తుంటి ఎముక విరిగింది. మీ ఉత్తరంలో "నిద్రమాత్ర" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

కాపలా కాసి పడకుండా ఆపడం ఎవరివల్లా కాదు. మన వల్ల అయ్యేవి వేరే ఉన్నాయి. మందులు సరిచూసుకోవచ్చు, ఇంటిని మార్చుకోవచ్చు, కాళ్ళలో బలం పెంచుకోవచ్చు. ఈ మూడూ మీ చేతిలో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో పడిపోవడం వల్ల ఏటా దాదాపు 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు అయ్యే గాయాల చావుల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. 65 దాటిన వాళ్ళలో ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరు ఏడాదిలో ఒక్కసారైనా పడతారు. మీ ఇంట్లో జరిగింది వింత కాదని, మీ ఒక్కరి తప్పు అసలే కాదని మీకు తెలియాలనే ఈ అంకెలు చెప్తున్నాను.

ఇక మామను మంచం దిగనీయకపోవడం. ప్రేమతో చేస్తున్నారని తెలుసు, అయినా ఈ రోజే మానేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక పరిశోధనలో, ఒక్క కాళ్ళలోనే దాదాపు కిలో కండ తగ్గిపోయింది. నెల రోజులు కదలకుండా పడుకున్న మనిషి ఒకరోజు ఎవరూ చూడకుండా లేచి బాత్రూంకు బయల్దేరతాడు. అప్పుడు ఆ కాళ్ళు ఆయన్ని మోయవు. పడకూడదని మంచానికి కట్టేస్తే, రేపటి పడటాన్ని మనమే తయారు చేసినట్టు అవుతుంది.

మీ ఇంట్లో ఇద్దరున్నారు, తాత, మనవడు. ఇద్దరి ప్రమాదమూ ఒకటి కాదు. బాబు నేల మీద రోజుకు పదిసార్లు పడతాడు, లేస్తాడు. వాడి ఎముకలు మెత్తన, ఒళ్ళు తేలిక. వాడికి ప్రమాదం ఎత్తు. అంటే మెట్లు, పిట్టగోడ, కిటికీ, కుర్చీ ఎక్కి అందుకునే అల్మారా. చిన్నపిల్లల తల ఒంటితో పోలిస్తే బరువు కాబట్టి ఎత్తు నుంచి పడితే తల ముందు తగులుతుంది. తాతకు ఎత్తు అక్కర్లేదు, నిలబడ్డ చోటు నుంచి పడినా ఎముక విరుగుతుంది. ఇల్లు చూసుకునేటప్పుడు బాబు కోసం తల పైకెత్తి చూడండి, మామ కోసం తల దించి నేల చూడండి. ఇంకో సంగతి, వీళ్ళిద్దరి ప్రమాదాలు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. మెట్లకు అడ్డం ఉండి ఉంటే ఆ రోజు మామ ఉరికేవారే కాదు. బాబు ఆడి వదిలేసిన చిన్న కారు రేపు తాత కాలి కింద చక్రంలా తిరుగుతుంది. అందుకే నన్ను అడిగితే మీ ఇంట్లో మొట్టమొదటి ఖర్చు మెట్ల మీదే పెట్టాలి.

మెట్ల గురించి ఇప్పుడే చెప్పేస్తాను. మన దగ్గర ఇల్లు కట్టుకుని, రెయిలింగ్ "తర్వాత చూద్దాం" అని వదిలేయడం ఎంత మామూలో మీకూ తెలుసు. పైన ఇంకో అంతస్తు వేశాక ఒకేసారి పెట్టిద్దామని ఏండ్లకేండ్లు అలాగే ఉంటాయి. స్టీలు రెయిలింగ్ పెట్టించే వీలు లేకపోతే వెల్డింగ్ షాపులో మామూలు ఇనుప పైపుతో చేయించండి. నిలువు కడ్డీల మధ్య సందు నాలుగు అంగుళాలకు మించకూడదు, మించితే పిల్లల ఒళ్ళు దూరి తల ఇరుక్కుంటుంది. అడ్డ కడ్డీలు పెట్టొద్దు, పిల్లలు వాటిని నిచ్చెనలా ఎక్కుతారు. మెట్లకు కింద, పైన రెండు చోట్లా చిన్న గేటు పెట్టించి, గడియ బాబుకు అందని వైపు ఉంచండి. మీ మెట్లకు నున్నటి గ్రానైటు వేశారా? కరీంనగర్ గుట్టల రాయి మన ఇండ్లన్నిటిలోకీ వచ్చింది. అందంగానే ఉంటుంది, కానీ పాలిష్ చేసిన గ్రానైటు మీద నాలుగు చుక్కల నీళ్ళు పడితే పెద్దవాళ్ళే జారతారు. ప్రతి మెట్టు అంచునా గరుకుగా ఉండే యాంటీ స్కిడ్ టేపు అతికించండి. రంగు మెట్టు రంగుకు భిన్నంగా ఉంటే మామ కంటికి అంచు ఆనుతుంది.

ఇప్పుడు కడ్డీ. మామ కోపం నాకు అర్థమవుతుంది. ఆయన ముసలితనాన్ని ఒప్పుకోమని మనం అడుగుతున్నామని అనుకుంటున్నారు. ఆయన దగ్గర కూర్చుని, కోడలిగా కాకుండా తెలుసుకోవాలనుకునే మనిషిగా ఒక మాట అడగండి: "మామా, మోకు లేకుండా ఎప్పుడైనా తాడెక్కినవా?" ఎక్కి ఉండరు. నలభై ఏండ్లు ఆయన్ని కాపాడింది ధైర్యం ఒక్కటే కాదు, నడుముకూ చెట్టుకూ చుట్టిన ఆ మోకు కూడా. పొద్దున్నే దాన్ని చూసుకుని, ఎక్కడైనా అరిగిందేమోనని తడిమి, అప్పుడే ఎక్కేవాళ్ళు. చేతనైన గీత కార్మికుడికి మోకు సిగ్గు కాదు, అది పని తెలిసినవాడి పద్ధతి. 2024 జులైలో ప్రభుత్వం గౌడన్నలకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో కొత్త రకం తాళ్ళు, బెల్టులు ఇవ్వడం మొదలుపెట్టింది, వయసులో ఉన్నవాళ్ళే కట్టుకుని ఎక్కుతున్నారు. బాత్రూం కడ్డీ కూడా అలాంటి మోకే. దాన్ని ఎక్కడ, ఎంత ఎత్తులో పెట్టాలో మామనే చెప్పమనండి. మేస్త్రీ వచ్చినప్పుడు ఆయన్నే నిలబెట్టి చెయ్యి ఎక్కడికి ఆనుతుందో చూసి గుర్తు పెట్టించండి. తను పెట్టించుకున్న కడ్డీని మనిషి పట్టుకుంటాడు. మనం తెచ్చి బిగించినదాని మీద టవల్ ఆరేస్తాడు.

ఆ కడ్డీని గోడలోకి గట్టి బోల్టులతో బిగించాలి. తువ్వాలు వేసే సన్నటి స్టీలు రాడ్డు మనిషి బరువుకు ఊడి వస్తుంది, దాన్ని నమ్ముకుని పడ్డవాళ్ళను నేను చూశాను. టాయిలెట్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి ఉండాలి. కూర్చుని స్నానం చేయడానికి కాళ్ళు వెడల్పుగా ఉన్న గట్టి స్టూలు పెట్టండి, పల్చటి ప్లాస్టిక్ స్టూలు వద్దు. బకెట్‌ను ఇంకో చిన్న పీట మీద పెడితే మగ్గు కోసం మరీ వంగే పని ఉండదు. వంగి లేచినప్పుడే చాలామందికి కళ్ళు తిరుగుతాయి. తలకు నూనె రాసుకునే రోజుల్లో బండల మీద నూనె పడితే సబ్బుతో రుద్ది కడిగేయండి. లోపల గడియ పెట్టుకోవద్దని చెప్పండి, లేదా బయటి నుంచి కూడా తీయగలిగే గడియ బిగించండి. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చగలిగితే ఇంకా మంచిది. లోపల పడ్డ మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే ఎవరూ లోపలికి పోలేరు.

ఇంకో మూడు చోట్లు చూడండి. మొదటిది గడప. పాత దర్వాజల గడపలు ఎత్తుగా ఉంటాయి, పసుపు రాసి బొట్లు పెట్టుకునే గడపను తీసేయమని నేను చెప్పను. దాని పైఅంచున ముదురు రంగు పట్టీ వేయండి, దానికి ఎదురుగా రాత్రంతా వెలిగే ఒక జీరో బల్బు పెట్టండి. రెండోది కాళ్ళు తుడుచుకోవడానికి మడిచి వేసిన పాత చీర, గోనె పట్టా. వీటిని ఇప్పుడే తీసేసి, అడుగున రబ్బరు ఉన్నవి వేయండి. మూడోది వాకిలి. పొద్దున్నే సాన్పి చల్లి ముగ్గు వేశాక అది ఆరేదాకా అత్తమ్మనూ మామనూ అటు రానీయవద్దు. కరెంటు పోయినా వెలిగే ఎమర్జెన్సీ బల్బు ఒకటి మామ మంచం నుంచి బాత్రూందాకా వెళ్ళే దారిలో తప్పకుండా ఉండాలి. అరిగిపోయిన హవాయి చెప్పులు ఇంట్లోంచి బయట పారేయండి, మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనండి. ఇక మేడ మీద మిరపకాయలో, వడియాలో ఆరబెట్టి ఉంటే, కోతులను తరమడానికి మామ కర్ర పట్టుకుని మెట్లెక్కి పోతారేమో చూడండి. మన వైపు కోతుల వెనక ఉరికి, కోతి మీదికి రాగానే వెనక్కి అడుగేసి పడ్డ పెద్దవాళ్ళు ఎంతమందో. వడియాలు పోతే పోనీయమనండి.

మందుల దగ్గరికి వద్దాం, నా మనసంతా ఇక్కడే ఉంది. మామ వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని, బీపీ మందు రాసిన డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చీటీ కాదు, మాత్రలే తీసుకెళ్ళండి. నాలుగైదు రకాల మందులు వాడే పెద్దవాళ్ళు పడే అవకాశం ఎక్కువ. నిద్రమాత్ర ప్రభావం తెల్లారి కూడా పోదు, రాత్రి మూత్రానికి లేచినప్పుడైతే మనిషి సగం నిద్రలోనే నడుస్తాడు. ప్రోస్టేటు కోసం ఇచ్చే కొన్ని మాత్రలు రక్తనాళాలను వదులు చేస్తాయి, బీపీ మాత్రతో కలిస్తే లేచి నిలబడగానే బీపీ దిగిపోతుంది. షుగర్ మాత్ర వేసుకుని అన్నం ఆలస్యమైతే చెమట, వణుకు వచ్చి కూలిపోతారు. డాక్టరును ఒక పరీక్ష చేయమని అడగండి, మీ ఇంట్లో బీపీ మిషను ఉంటే మీరే చేయవచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడాలి. లేపి నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే మందు మోతాదు మార్చాల్సి ఉంటుందేమో డాక్టరు చెప్తారు. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపొద్దు. నిద్రమాత్రను అయితే అసలు ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి.

అడగాల్సిన మాట ఇంకోటి ఉంది, తప్పుగా అనుకోవద్దు. మామ సాయంత్రం కల్లు తాగుతారా? స్వచ్ఛమైన కల్లయినా తూలు తెస్తుంది, నిద్రమాత్రతో కలిస్తే ఇంకా ప్రమాదం. మందు కల్లు అయితే వేరే చెప్పక్కర్లేదు. అందులో కలిపే అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేటు లాంటివి మెదడును మొద్దుబార్చి అడుగు తడబడేలా చేస్తాయి. రోజూ తాగే అలవాటున్న మనిషికి హఠాత్తుగా మాన్పిస్తే ఫిట్స్ రావచ్చు, వింతగా మాట్లాడవచ్చు. ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఆయన బతుకంతా కల్లుతో నడిచిన మనిషి, దాని గురించి మర్యాదగానే మాట్లాడండి.

కళ్ళు ఎప్పుడు చూపించారు? కంటి వెలుగు శిబిరాల్లో, 2018లోనో 2023లోనో ఇచ్చిన అద్దాలే ఇంకా వాడుతున్నవాళ్ళు చాలామంది నా దగ్గరికి వస్తుంటారు. అక్కడ వెంటనే చేతికిచ్చినవి ఎక్కువగా దగ్గరి చూపు అద్దాలు, చదవడానికి పెట్టుకోవాల్సినవి. అవి పెట్టుకుని నడిస్తే నేల మసకగా, దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తుంది. నడిచేటప్పుడు తీసేయమనండి. శుక్లం ఉందేమో వరంగల్‌లోని ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో చూపించండి. శుక్లం తీయించుకుంటే పడటం కూడా తగ్గుతుంది.

మణికట్టు గురించి ఒక మాట. నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే, అది ఎముక పలచబడిందని చెప్పే గుర్తు కావచ్చు. కట్టు కట్టారు, ఎముక అతుక్కుంది, అక్కడితో అయిపోయిందని అందరూ అనుకుంటారు. అయిపోలేదు. తర్వాత విరిగేది తుంటి కాకుండా చూసుకోవాలి. ఎముక సాంద్రత పరీక్ష, విటమిన్ డి పరీక్ష అవసరమా అని ఎముకల డాక్టరును అడగండి. ఇది ఆడవాళ్ళకే వచ్చే జబ్బు అనుకుంటారు గానీ మగవాళ్ళకూ వస్తుంది. తైద జావ, నువ్వులు, పాలు, మునగాకు వీలైనప్పుడల్లా పెట్టండి. రోజూ ఒక గుడ్డు, గట్టి పప్పు ఉంటే కండకు బలం.

ఇప్పుడు కాళ్ళు. అన్నిటికంటే ఓపిక కావాల్సింది, ఫలితం ఇచ్చేదీ ఇదే. బలానికీ నిలకడకూ చేసే వ్యాయామం వల్ల పెద్దవాళ్ళు పడటం దాదాపు పావు వంతు తగ్గుతుందని చాలా దేశాల పరిశోధనలు కలిపి చూసి తేల్చారు. ఏ మాత్రా ఇంత పని చేయదు. ముందు మామ ఎక్కడున్నారో చూద్దాం. కుర్చీని గోడకు ఆనించి కూర్చోబెట్టండి. లేచి, పది అడుగుల దూరం (అంటే మూడు మీటర్లు) మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎంతసేపు పట్టిందో ఫోనులో చూడండి. 12 సెకన్లు దాటితే పడే ప్రమాదం ఉందని అర్థం. తర్వాత ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్ళు ఆనించి, ముందూ వెనకా ఒకే గీత మీద నిలబడమనండి. మీరు పక్కనే ఉండండి. పది సెకన్లు నిలబడలేకపోతే నిలకడ తగ్గినట్టే.

వారానికి మూడు రోజులు, అరగంట చేయించండి. మొదట కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, పదిసార్లు. మొదటి వారం చేతుల ఊతం తీసుకోనీయండి, తర్వాత చేతులు ఛాతీ మీద కట్టుకుని చేయాలి. ఆ తర్వాత వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి వేళ్ళ మీద నిలబడటం, తర్వాత వేళ్ళు పైకెత్తి మడమల మీద నిలబడటం, పదేసిసార్లు. అదే గట్టు పట్టుకుని పక్కకు అడుగులు, ఇటు పది, అటు పది. చివరికి గోడ పక్కన ఒక పాదం వేళ్ళ ముందు ఇంకో పాదం మడమ ఆనించుకుంటూ గీత మీద నడిచినట్టు నడక. మనవడిని పక్కన నిలబెట్టండి, వాడూ చేస్తాడు, లెక్క పెడతాడు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఊపిరాడకపోవడం ఉంటే ఆపేసి డాక్టరుకు చూపించండి. ఫలితం పది రోజుల్లో కనిపించదు. రెండు మూడు నెలలు పడుతుంది, ఆపేస్తే బలం మళ్ళీ తగ్గుతుంది. తాళ్ళెక్కిన కాళ్ళకు ఆ పాత బలం కొంతైనా గుర్తుంటుందని నా నమ్మకం. మొదటివారం విసుక్కుంటారు, మూడోవారం "ఇయ్యాల ఎక్కువ చేసిన" అని మీకు చెప్తారు.

కర్ర విషయంలో కూడా పట్టుబట్టకండి, కానీ వాడితే సరైన ఎత్తుది వాడాలి. నిటారుగా నిలబడి చెయ్యి వేలాడేస్తే మణికట్టు దగ్గరికి కర్ర పిడి రావాలి. అడుగున రబ్బరు తొడుగు అరిగిపోగానే మార్చండి. మనవడిని ఎత్తుకుని మెట్లు దిగడం మాత్రం ఇక వద్దని చెప్పండి, కింద కూర్చోబెట్టి ఒళ్ళోకి ఇవ్వండి.

బాబు సంగతి, మెట్లు కాక ఇంకొంచెం. మేడ పిట్టగోడ కనీసం ఒక మీటరు ఎత్తు ఉండాలని జాతీయ భవన నియమావళి చెప్తుంది, అంటే మూడడుగుల మూడంగుళాలు. కొలిచి చూడండి. గోడ పక్కన కుర్చీ, కూలర్ స్టాండు, ఇటుకల కుప్ప ఉంటే ఆ ఎత్తు ఉన్నా లేనట్టే. ఎండాకాలం మేడ మీద పడుకునే ఇండ్లలో పిల్లలు నిద్రలో లేచి నడిచి అంచు దాకా పోతారు. వాళ్ళను మధ్యలో పడుకోబెట్టి, మెట్ల తలుపు వేయాలి. సంక్రాంతికి పతంగుల వెనక పరిగెత్తే వయసు ఇంకో రెండేండ్లలో వస్తుంది, అప్పుడు మేడ కాదు, మైదానానికి తీసుకెళ్ళండి. కిటికీకి జాలి ఉంటే సరిపోదు, ఇనుప గ్రిల్ ఉండాలి. దాని కింద మంచం ఉంచొద్దు. బంధువుల్లో ఎవరికైనా పాపో బాబో ఉంటే, చక్రాల వాకర్ కొనొద్దని చెప్పండి. నడక త్వరగా రాదు సరికదా, దాంతో పిల్లలు మెట్ల దాకా క్షణంలో వెళ్ళిపోతారు. కెనడాలో 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించారు.

అన్నీ చేసినా ఎప్పుడైనా పడవచ్చు. అప్పుడేం చేయాలో ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉంటే మీకు రాత్రి కొంచెం నిద్ర పడుతుంది. మామ పడితే ఇద్దరు చంకల్లో చేతులు వేసి లాగి లేపకండి. "ఎక్కడ నొప్పి" అని అడగండి, కాళ్ళూ చేతులూ కదుపుతున్నారా చూడండి. గజ్జల్లో నొప్పి ఉండి, కాలు మీద బరువు వేయలేకపోతే, ఒక కాలు పొట్టిగా అయ్యి పాదం బయటికి తిరిగినట్టుంటే తుంటి విరిగిందనుకోండి. కదపకుండా 108కు ఫోన్ చేయండి. నూనె రుద్దొద్దు, నాటు కట్టు కోసం ఊరికి తీసుకెళ్ళొద్దు. తుంటి ఎముకకు 48 గంటల్లోపు ఆపరేషన్ అయితే మనిషి మళ్ళీ లేచి నడిచే అవకాశం ఎక్కువ. మంచం మీద పోయే ఒక్కో రోజూ ఊపిరితిత్తులకు, వీపు పుండ్లకు దారి. దెబ్బ ఏమీ లేకపోతే ఆయన్నే లేవనీయండి. పక్కకు దొర్లి, మోచేతుల మీద లేచి, మోకాళ్ళ మీదికి వచ్చి, గట్టి కుర్చీ దాకా పాకి, దాన్ని రెండు చేతులా పట్టుకుని ఒక కాలు ముందు పెట్టి లేవాలి. ఈ పద్ధతిని మంచి రోజున, మంచం మీదే ఒకటి రెండుసార్లు చేయించి చూపండి.

తలకు దెబ్బ తగిలితే మాత్రం ఆగి ఆలోచించొద్దు. ఇద్దరిలో ఎవరికైనా వాంతులు మళ్ళీమళ్ళీ అవడం, మత్తుగా ఉండి పిలిస్తే సరిగా పలకకపోవడం, ఫిట్స్, తలనొప్పి పెరగడం, చెవిలోంచో ముక్కులోంచో నీళ్ళలాంటి ద్రవం కారడం, ఒక చెయ్యో కాలో బలహీనం కావడం కనిపిస్తే వెంటనే ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి వెళ్ళాలి. పిల్లలు ఐదడుగులకు పైగా ఎత్తు నుంచి పడితే, రెండేండ్ల లోపు వాళ్ళయితే మూడడుగులు దాటినా, ఆడుకుంటున్నా సరే డాక్టరుకు చూపించాలి. రక్తం పలచబరిచే మాత్రలు వాడే పెద్దవాళ్ళకు తలకు చిన్న దెబ్బ తగిలినా స్కాన్ అవసరం. మామ నుదుటికి దెబ్బ తగిలి నెలే అయింది. పెద్దవాళ్ళకు తలలో రక్తం మెల్లగా చేరి వారాల తర్వాత బయటపడుతుంది. ఆయన ఈ మధ్య మామూలుకంటే మందకొడిగా, మతిమరుపుగా, ఒకవైపు తూలుతూ ఉంటే ఈ వారమే చూపించండి.

వదినకు ఈ ఉత్తరం చదివి వినిపించండి. తర్వాత ఒక పని అప్పగించండి. కడ్డీకి, రెయిలింగ్‌కు సగం ఖర్చు పంచుకోమనండి, లేదా నెలకు ఒక ఆదివారం వచ్చి బాపును నడిపించమనండి. మీ ఆయనకు కూడా ఆదివారం పొద్దున అరగంట తండ్రితో ఈ వ్యాయామాలు చేయడం పనిగా పెట్టండి. ఒక్కరు మోసే బరువు కాదిది.

అత్తమ్మ బతుకమ్మ గురించి అడిగారు. తప్పకుండా పంపండి. పడతామేమోనన్న భయంతో కదలడం మానేసిన వాళ్ళే ఎక్కువ పడతారు, అది నేను నా పేషెంట్లలో మళ్ళీమళ్ళీ చూశాను. చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ, పక్కకు అడుగులేస్తూ వలయంగా తిరిగే ఆట నేను పైన చెప్పిన పక్క అడుగుల కంటే ఎన్నో రెట్లు ఆనందమైనది. చీర కుచ్చిళ్ళు చీలమండ పైకి కట్టించండి, మడమ పట్టీ చెప్పులు వేయించండి, మీరు ఆమె ఎడమ పక్కన ఆడండి. పద్మాక్షి గుట్ట దగ్గరైనా, వడ్డేపల్లి చెరువు దగ్గరైనా నీళ్ళ మెట్లు పాచి పట్టి ఉంటాయి, పూలూ పసుపూ పడి ఇంకా జారతాయి. ఆమె గట్టు మీదే నిలబడి గౌరమ్మను సాగనంపనీయండి, బతుకమ్మను నీళ్ళలోకి మీరు తీసుకెళ్ళండి. చీకటి పడకముందే బయల్దేరి, చేతిలో టార్చిలైటు పెట్టుకుని రండి. ఆ సాయంత్రం మామను కూడా కుర్చీ వేసి వాకిట్లో కూర్చోబెట్టి, బాబును ఆయన దగ్గర ఆడించండి. మెట్ల గేటు అప్పటికి బిగించి ఉండాలి, పండుగకు ఇంకా టైముంది కాబట్టి వెల్డింగ్ ఆయనకు రేపే చెప్పండి.